రోజుకు నాలుగు దుప్పట్లు

ఆస్పత్రిలో అతన్ని అందరూ లిఫ్టాయన అనేవాళ్లు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. మూలన ఒక స్టూలు, గోడకి ఆరు బొత్తాలు, కిందనుంచి పైకి, పైనుంచి కిందికి. "రోజంతా ప్రయాణమే, ఊరు మాత్రం రాదు" అని తనమీద తనే నవ్వుకునేవాడు. మోకాళ్లు నొప్పిపెట్టడం మొదలయ్యాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

ఆ ఏడాది ఆస్పత్రివాళ్లు కింది ఉద్యోగులకి ఇంగ్లీషు క్లాసు పెట్టారు. వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగింటికి, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గదిలో. వేరే కుర్చీలు లేవు కాబట్టి అందరూ వాటిలోనే కూర్చునేవాళ్లు. క్యాంటీన్ బాబాయ్ కుర్చీకి బ్రేకు లేదు. ఆయన తుమ్మితే ఆ ఊపుకి పక్కవాళ్ల మీదికి దొర్లుకుంటూ వచ్చేవాడు.

క్లాసుకి ఊరికే రాలేదు ఎవరూ. ముందు హాల్లో ఎంక్వైరీ బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అవుతోంది. వీపు ఆనించుకునే కుర్చీ, తలమీద ఫ్యాను, అడిగినవాళ్లకి దారి చెప్పడం. మాస్టారు ఎవరి పేరు పంపితే వాళ్లకే ఆ కుర్చీ. తొమ్మిదిమందితో మొదలైన క్లాసు అయిదుగురికి వచ్చాక, పోటీ ఇద్దరి మధ్యే అని అందరికీ తెలిసిపోయింది. ఒకరు లిఫ్టాయన. డాక్టర్ల మాటలు విని విని నోరు తిరిగింది, తప్పో ఒప్పో జంకు లేకుండా మాట్లాడేస్తాడు. రాయమంటే మాత్రం చెమటలు పడతాయి. రెండోది లాండ్రీలో పనిచేసే ఆవిడ. నోరు విప్పదు, రాస్తే మాస్టారు ఎర్ర పెన్ను మూత తీయనవసరం ఉండదు.

బ్లీచింగు నీళ్లలో నాని నాని ఆమె వేళ్ల చివర్లు పొరలు పొరలుగా లేచిపోయాయి. పెన్నుకి గుడ్డపేలిక చుట్టుకుని రాసేది. ఆమెకి ఆ ఉద్యోగం అత్తగారి ద్వారా వచ్చింది. ఆ అత్తగారంటే ఆస్పత్రిలో తెలియనివాళ్లు లేరు. ముప్పయ్యేళ్లు ఆయాలందరి మీద పెద్దగా చేసింది, అందుకే పెద్దాయమ్మ అనేవాళ్లు. ఆమె వరండాలో నడిచొస్తుంటే కొత్త డాక్టర్లు కూడా జేబుల్లోంచి చేతులు తీసేవాళ్లు. మంచం మీద దుప్పటి ముడత కనిపిస్తే ఆ పూట ఆయాకి మూడినట్టే. ఆవిడ రిటైరై రెండేళ్లయింది. ఎవరు అడిగినా కోడలు ఒకటే జవాబు చెప్పేది: "బాగుందండీ. మిమ్మల్ని అడిగానని చెప్పమంది."

లాండ్రీ ఆవిడ లిఫ్టాయన్ని అన్నయ్యా అని పిలిచేది. దానికి చుట్టరికమేమీ లేదు. ఆమె దుప్పట్ల బండి తోసుకుంటూ దూరంగా వస్తున్నా, ఎవరు తొందరపెట్టినా, తలుపు కాలితో ఆపి ఉంచేవాడు. అదే చుట్టరికం.

మాస్టారు వారానికొక క్రియ చెప్పేవాడు. ఒక సోమవారం బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, "ఈ వారం చేంజ్" అన్నాడు.

"అది మాకెప్పుడో వచ్చు మాస్టారూ," అన్నాడు క్యాంటీన్ బాబాయ్. "పొద్దున లేస్తే పెద్ద నోటిచ్చి టీ తాగే మహానుభావులందరికీ చేంజ్ లేదనే కదా చెప్పేది."

"అది చిల్లర. ఇది మారడం, మార్చడం. చూడండి, ఒక్క మాటే, ఎన్నిచోట్ల కూర్చుంటుందో. చొక్కా చేంజ్ చేస్తాం. బల్బు పోతే చేంజ్ చేస్తాం. దారిలో దిగి బస్సు చేంజ్ చేస్తాం. ఒకటి అనుకుని ఇంకోటి చేస్తే మనసు చేంజ్ చేసుకున్నట్టు. ఎండకి పరదా రంగు చేంజ్ అవుతుంది, దాన్నెవరూ చేయక్కర్లేదు, దానంతటదే అవుతుంది. మాట్లాడే సంగతి ఇబ్బందిగా ఉంటే సంగతి చేంజ్ చేస్తాం."

"మా ఆవిడ చేసే పని అదే. నేను కాఫీ అంటాను, ఆవిడ గ్యాస్ బండ అంటుంది."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, తర్వాత చాక్‌పీసు ముక్క వేలిలా చూపించాడు. "పది వాక్యాలు. శుక్రవారానికి. మీ ఇంట్లోంచి రాయండి, పుస్తకంలోంచి ఎత్తుకొస్తే నాకు వాసన కొడుతుంది. మీ ఇంట్లో ఏం మారిందో, ఎవరు ఏం మారుస్తారో. నేను తప్ప ఎవరూ చూడరు, కాబట్టి దాచుకోకుండా రాయండి. వట్టి చేతులతో వచ్చినవాళ్ల పేరు మాత్రం జాబితాలోంచి కొట్టేస్తాను, తర్వాత నా కాళ్లావేళ్లా పడొద్దు."

గురువారం రాత్రికి లిఫ్టాయన రెండు వాక్యాలు రాశాడు. నేను చొక్కా చేంజ్ చేస్తాను. నేను బల్బు చేంజ్ చేస్తాను. మూడోదానికి ఇల్లంతా కలయజూశాడు. ఏమీ తోచలేదు. అతను మార్చేవి ఆ ఇంట్లో నిజంగా ఆ రెండే.

శుక్రవారం మధ్యాహ్నం లాండ్రీ ఆవిడ బండితో లిఫ్టెక్కింది. తలుపు మూసి, "చెల్లెమ్మా, రాసేశావా?" అని అడిగాడు.

"ఏదో రాశానన్నయ్యా."

"ఒక్క గంట ఇవ్వవా? వాక్యం ఎట్లా మొదలెట్టాలో చూసుకుని ఇచ్చేస్తా."

ఆమె బండి మీద దుప్పట్లు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. "ఇంటి సంగతులున్నాయన్నయ్యా అందులో."

"అయితే ఏం? నేనేమన్నా పరాయివాణ్ణా?"

ఆమె దుప్పట్ల అడుగునుంచి పుస్తకం తీసి ఇచ్చింది.

రెండో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య, స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. పెద్దాయమ్మ మంచాన పడింది. దుప్పట్లు మార్చించుకుంటోంది. ఆ నడక, ఆ గొంతు! ఒక అంతస్తు మేర అతనికి మనసు చివుక్కుమంది. ఈలోపు నాలుగులో ఎవరో బొత్తాం నొక్కారు. దిగేవాళ్లు దిగాక చూస్తే టైము రెండున్నర. చూసుకుందామని తీసుకున్నవాడు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె అత్తగారు అని రాసినచోటల్లా అమ్మ అని రాశాడు. ఆ ఒక్క మార్పుతో అన్నీ అతికినట్టు సరిపోయాయి. అతని తల్లి కూడా స్నానాలగదిలో జారిపడి ఏడు నెలలుగా మంచంలోనే ఉంది. చేసేదంతా భార్యే. అతను డ్యూటీకెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి "ఎట్లా ఉందమ్మా?" అనేవాడు. "బాగానే ఉందిరా, నువ్వెళ్లు" అనేది తల్లి. ఆ గుమ్మం దాటి ఎన్నిసార్లు లోపలికెళ్లాడంటే వేళ్ల మీద చెప్పొచ్చు.

నాలుగింటికి మాస్టారు పుస్తకాలడిగాడు. దగ్గరగా కూర్చున్నది లిఫ్టాయనే కాబట్టి ముందు అతనిదే అందుకున్నాడు. చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసేశాడు. చాలాసేపు దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"ఏమయ్యా, నేను తప్ప ఎవరూ చూడరని మాటిచ్చాను. కానీ ఇది పైకి చదవకపోతే నాకు నిద్రపట్టదు. చదవనా? నీకేం అభ్యంతరం లేదు కదా?"

లిఫ్టాయన తల ఊపాడు.

మాస్టారు ఇంగ్లీషులో చదివి, వెంటనే తెలుగులో చెప్పాడు. "మా అమ్మ దుప్పటి రోజుకు నాలుగుసార్లు చేంజ్ చేస్తాను. చేంజ్ చేసేటప్పుడు అమ్మ గోడవైపు తిరుగుతుంది. అప్పుడు నేను సంగతి చేంజ్ చేసి, పక్కింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో చెబుతాను. ఆ పిల్లి పోయినేడాదే చచ్చిపోయింది. అమ్మకి చెప్పలేదు. ఒకప్పుడు అమ్మ మాటకి అందరూ లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు అమ్మ గొంతు చేంజ్ అయింది. నేను మాత్రం నా గొంతు చేంజ్ చేయలేదు. అప్పుడు ఎంత భయంగా పిలిచేదాన్నో..." మాస్టారు ఆగి నవ్వాడు. "పిలిచేవాణ్ణో అని ఉండాలి, తెలుగులో చెప్పబోయి నేనే తప్పాను. ఇప్పుడూ అంతే భయంగా పిలుస్తాను."

గదిలో ఒక్క కుర్చీ చక్రం కదల్లేదు. క్యాంటీన్ బాబాయ్ తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, "నిన్ను కన్న తల్లి అదృష్టవంతురాలయ్యా. మా ఇంట్లో ఉన్నారు ఇద్దరు, వాళ్ల చొక్కా వాళ్లు మార్చుకుంటే గొప్ప" అన్నాడు.

లిఫ్టాయన అప్పుడు ఓరకంట ఆమెవైపు చూశాడు. అతను క్లాసుకి ముందు తిరిగిచ్చిన పుస్తకాన్ని ఆమె ఒళ్లోంచి మెల్లగా సంచిలోకి తోస్తోంది.

"నీదేదమ్మాయ్?" అన్నాడు మాస్టారు.

"రాయలేదండీ."

"నువ్వా? రాయలేదా?"

"కుదర్లేదు మాస్టారూ."

ఆయన చాలాసేపు ఆమెకేసి చూశాడు. చివరికి జాబితా తీసి, బాధగానే, ఒక గీత గీశాడు. పెన్ను కాగితం మీద గీసుకుపోయిన చప్పుడు లిఫ్టాయన చెవిలో పడింది. అప్పుడు లేచి నిలబడాల్సింది. కుర్చీ బ్రేకు మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచేశాడు.

క్లాసు అయ్యాక వెంటపడ్డాడు. "చెల్లెమ్మా..."

"ఆపరేషన్ గది దుప్పట్లు ఇంకా ఆరలేదన్నయ్యా," అని ఆమె వెళ్లిపోయింది.

తన పరువు కాపాడటానికి పాపం రాయలేదని చెప్పిందనుకున్నాడు. అలా అనుకోవడం కూడా సుఖంగానే ఉంది, అదే అతన్ని తర్వాత ఎక్కువ బాధపెట్టింది.

మర్నాటికి ఆ వాక్యాల సంగతి ఆస్పత్రంతా పాకింది. లిఫ్టెక్కిన ప్రతివాళ్లూ అతన్ని కొత్తగా చూడటం మొదలుపెట్టారు. పంతొమ్మిదేళ్లలో "మూడు" తప్ప ఇంకో మాట మాట్లాడని ఎముకల డాక్టరు భుజం తట్టాడు. మూడో అంతస్తు పెద్ద నర్సు కాగితంలో చుట్టిన రబ్బరు షీటొకటి చేతిలో పెట్టి, "దుప్పటి కింద వేయండి, పరుపు పాడవదు. మా తమ్ముడికి చెప్పాను మీ గురించి, సిగ్గు తెచ్చుకోమని" అంది. సిగ్గనే మాట ఆమె నోట విని లిఫ్టాయన బొత్తాలవైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే అయిదు నొక్కాడు.

ఆ షీటు ఇంటికి తీసుకెళితే, భార్య అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎన్నాళ్లనుంచి అడుగుతున్నాను ఒకటి తెమ్మని! ఈవాళ గుర్తొచ్చిందే!"

"గుర్తొచ్చింది," అన్నాడు.

ఆదివారం పొద్దున క్యాంటీన్ బాబాయ్ వచ్చాడు. రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. అంత మంచి కొడుకుని కన్న తల్లిని ఒకసారి చూసి వెళదామని వచ్చానన్నాడు. లిఫ్టాయన సంగతి మార్చబోయాడు. బాబాయ్ వినలేదు. కుర్చీ లాక్కుని, మాస్టారు చదివింది చదివినట్టు లిఫ్టాయన భార్యకి అప్పజెప్పేశాడు.

ఆమె మొదట అర్థంకానట్టు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. "ఎవరు బాబాయ్ గారూ? ఈయనా? దుప్పట్లు ఏ అరలో ఉంటాయో చెప్పమనండి, అది చెబితే చాలు!" నవ్వీ నవ్వీ గోడకి ఆనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాబాయ్ ముఖం అటూ ఇటూ అయింది. లిఫ్టాయన నేలకేసి చూస్తున్నాడు. అప్పుడు లోపలి గదిలోంచి తల్లి గొంతు వినపడింది.

"ఎందుకే ఆ నవ్వు? వాడే మారుస్తాడు. నువ్వు నిద్రపోతుంటావు, నీకేం తెలుసు?"

భార్య నవ్వు తెగిపోయింది. ఆ గదివైపు ఒకసారి, మొగుడివైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. "అదీ! తల్లికి తెలియదా?" అని బాబాయ్ సంతోషంగా లేచాడు.

ఆయన్ని పంపి వచ్చేసరికి భార్య గిన్నెలు కడుగుతోంది. చప్పుడు మామూలుగానే ఉంది, విసరడం లేదు.

"అత్తయ్య నోట అబద్ధం ఇన్నేళ్లలో వినలేదు," అంది వెనక్కి తిరక్కుండా. "నేను చేస్తున్నానని ఊరికి తెలియకపోతే నాకేం నష్టం లేదు. మీరు చెయ్యట్లేదని ఆమెకి మాత్రం తెలుసు. తెలిసే అంది."

అతను గుమ్మం దాకా వెళ్లాడు. తల్లి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది. లోపలికి వెళ్లలేక అక్కడే నిలబడ్డాడు, రోజూ నిలబడే చోటే.

సోమవారం క్లాసుకి లాండ్రీ ఆవిడ కూడా వచ్చింది. పేరు కొట్టేసినా చదువు మానలేదు. మాస్టారు కొత్త క్రియ రాయడానికి బోర్డు తుడుస్తుండగా లిఫ్టాయన లేచాడు. ఇంకొక్క నిమిషం ఆగితే మళ్లీ ఎప్పటికీ లేవలేనని తెలుసు.

"మాస్టారూ, ఆ వాక్యాలు నావి కావు. చెల్లెమ్మ పుస్తకంలోంచి చూసి రాశాను. అత్తగారు అని ఉన్నచోట అమ్మ అని పెట్టాను. ఆమె రాసింది. నన్ను కాపాడ్డానికి రాయలేదంది. ఆ కుర్చీ ఆమెది."

చెప్పేశాక ఒంట్లోంచి బరువేదో దిగినట్టయింది. మూడు రోజుల్లో మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. మాస్టారు తిడతాడు, తిట్టనీ. నలుగురూ ఉమ్మేస్తారు, ఉమ్మేయనీ.

ఎవరూ అతనివైపు చూడలేదు.

"అత్తగారంటే..." అన్నాడు క్యాంటీన్ బాబాయ్ మెల్లగా. "పెద్దాయమ్మా? పెద్దాయమ్మకా నాలుగు దుప్పట్లు?"

"అయ్యో, మంచాన పడిందా?" అంది చంటిపిల్లల వార్డు ఆయా. "ముడత కనిపిస్తే మంచం ఎత్తి పడేసేది! బాగుంది బాగుంది అని చెబుతూ వచ్చావు కదే!"

లాండ్రీ ఆవిడ ఒళ్లో ఉన్న చేతులు చూసుకుంటోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారు చెయ్యి చాచాడు. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఆయన చదివి, జాబితాలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు పైన రాశాడు. లిఫ్టాయన్ని ఒక్క మాట అనలేదు. పాఠం కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రానికి లిఫ్టులో అదే మాట. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే పెద్దాయమ్మ గురించి చప్పరించుకున్నారు. "ఎట్లాంటి మనిషికి ఎట్లాంటి గతి!" "నన్నెంత ఏడిపించిందనుకున్నావ్, పాపం!" ఆ పాపం అనడంలో పాత లెక్కేదో తీరిన ధ్వని ఉంది. అతను స్టూలు మీద కూర్చుని అందరినీ మోశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బండితో ఎక్కింది. లిఫ్టులో ఇంకెవరూ లేరు. తలుపు మూసుకుంది.

"నిన్న సాయంత్రం నలుగురొచ్చారట మా ఇంటికి," అంది. "పాత ఆయాలు, పెద్ద నర్సు. చెప్పకుండా వచ్చారు. నేనింకా ఇల్లు చేరలేదు. దుప్పటి మార్చే వేళ దాటిపోయి ఉంది."

లిఫ్టాయన చెయ్యి బొత్తాం మీదే ఉండిపోయింది.

"వాళ్లు పోయాక నేను వెళ్లాను. అప్పట్నుంచి అత్తయ్య నాతో కూడా మాట్లాడలేదు. పిల్లి కబురు చెబుతుంటే నోరు మూసుకోమంది, అంతే."

"తప్పయిపోయింది చెల్లెమ్మా. నేను... నీకు న్యాయం చేద్దామని..."

"ఆ రోజు రాయలేదని మీకోసం అన్నాననుకున్నారా?" ఆమె గొంతు పెంచలేదు. "మీ పేరు మీద చదివారు కాబట్టి అది మీ అమ్మగారి సంగతయింది. మా అత్తయ్యని ఎవరూ పోల్చుకోలేదు. నా పుస్తకం కూడా బయటపడితే రెండూ ఒకటేనని తేలేది. కుర్చీ పోతే పోయిందనుకున్నాను. మీరు మాస్టారి ఇంటికెళ్లి చెవిలో చెప్పి ఉండొచ్చు. నలుగురిలో లేచి చెబితేనే మీ బరువు దిగేదేమో, నాకు తెలియదు."

నాలుగో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆమె బండి తోసుకుంటూ దిగింది. అతను అలవాటు కొద్దీ కాలు అడ్డంపెట్టి తలుపు ఆపాడు. బండి ఎప్పుడో దిగిపోయింది. ఆ సంగతి గమనించడానికి అతనికి కాసేపు పట్టింది.

నెల తిరక్కుండా ఆమె ఎంక్వైరీ బల్ల దగ్గరికి వచ్చింది. ఆ బల్ల లిఫ్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అన్నేళ్లూ అది వట్టి బల్లే అతనికి. ఇప్పుడు కిందికి దిగి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముందు కనిపించేది ఆమే. మొదట్లో బొత్తాలవైపు తిరిగి కూర్చునేవాడు. తర్వాత ఎంతసేపని తిరిగి కూర్చుంటాడు?

ఆమె పని చక్కగా చేసేది. వచ్చినవాళ్లకి ఓపిగ్గా చెప్పేది, ఇంగ్లీషు అడిగినవాళ్లకి ఇంగ్లీషులోనే. వేళ్లకి మెల్లగా కొత్త చర్మం వస్తోందని క్యాంటీన్ బాబాయ్ ఎవరితోనో అనగా విన్నాడు. పెద్దాయమ్మ ఎలా ఉందని ఇప్పుడెవరైనా అడిగితే, బాగుందని చెప్పడం మానేసింది. "ఉన్నారండీ" అనేది.

ఒకరోజు పొద్దున, కర్ర పట్టుకున్న ఒక ముసలాయన బల్ల దగ్గరికి వచ్చాడు. ఎముకల డాక్టరు ఎక్కడని అడిగాడు. ఆమె లేచి, ఆయన చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా నడిపించుకొచ్చింది. లిఫ్టాయన గబగబా స్టూలు దిగాడు. ఆమె ఏదో ఒకటి అంటుందని ఆ నాలుగడుగుల దూరంలో ఎంత ఆశపడ్డాడో అతనికే తెలుసు.

"లిఫ్టు గారూ," అంది ఆమె మర్యాదగా. "ఈ పెద్దాయన్ని మూడులో దించండి."

అతను ముసలాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తను నిలబడి, మూడు నొక్కాడు.